గుంటూరు ఎండను బెజవాడకు మోసే పెట్టె: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 6

ఇది ఉగాది భోజనాల దగ్గర మొదలైంది. గుంటూరు నుంచి వచ్చిన పిన్ని, "మా ఊరి ఎండ ముందు మీ బెజవాడ ఎండ ఏపాటి?" అంది. నాన్న ఒప్పుకోలేదు. ఫోనులో చూస్తే రెండు ఊళ్ళకూ ఒకే అంకె చూపించింది. దాన్ని ఇద్దరూ నమ్మలేదు. రెండు డాబాల మీదా ఒకే రకం కొలత పెట్టెలు పెట్టి తేలుద్దామని మాట ఇచ్చేశాను.

బ్రాడీపేటలో పిన్ని ఇంట్లో ఇంటర్నెట్ లేదు. ఒక సిమ్ కార్డు మోడెం తగిలిస్తే సాయంత్రానికల్లా పని అయిపోయేది. కానీ అంతరిక్ష నౌకల కోసం పుట్టిన డీటీఎన్, అంటే ఆలస్యాన్ని ఓర్చుకునే నెట్‌వర్కు, ఒకటి సొంతంగా కట్టి చూడాలని ఎన్నాళ్ళ నుంచో దురదగా ఉంది. పిన్ని కొడుకు వాసు సీజన్ టికెట్ మీద రోజూ గుంటూరు నుంచి రైల్లో వస్తాడు. బీసెంట్ రోడ్డులో ఒక బట్టల కొట్టులో లెక్కలు రాస్తాడు. స్టేషన్ నుంచి గవర్నర్‌పేటలోని నా కంప్యూటర్ రిపేరు కొట్టు ముందుగానే నడిచి వెళ్తాడు. వాడి సంచిలో ఒక పెట్టె పెడితే వాడే నా ఉపగ్రహం.

"నేను రోజూ ఫోనులో పంపితే పోదా అన్నయ్యా?" అన్నాడు. పోతుంది. కానీ అంగారకుడి మీద ఆ ఫోను పనిచేయదని చెప్పాను. వాడు నా వైపు కాసేపు చూసి, పెట్టె బరువెంత అని అడిగాడు.

ఏప్రిల్ 9

మూడు నోడ్‌లు, అంటే సమాచారం ఆగి సాగే మూడు మజిలీలు. ఒకటో నంబరు నా కొట్టు, రెండు వాసు సంచి, మూడు పిన్ని డాబా. మూడింటిలోనూ రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులే. సంచిలోదానికి పవర్ బ్యాంకు. డాబా పెట్టెల్లో ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సారు, గంటకొక ఆకాశం ఫొటో తీసే కెమెరా. సెన్సారును డాబా సెగ తగలకుండా రెండు మీటర్ల గొట్టం మీద, గాలి ఆడేలా ఒకదాని మీద ఒకటి పేర్చిన తెల్ల ప్లాస్టిక్ పళ్ళాల కింద పెట్టాను. వాతావరణ కేంద్రం కొలతతో ఇది సరిపోలకపోవచ్చు. రెండు చోట్లా ఒకే తప్పు ఉంటే పోటీకి చాలు.

మనిషి చేతికిచ్చి సమాచారం పంపడం నేను కనిపెట్టింది కాదు. కర్ణాటక పల్లెల్లో బస్సుకు వై-ఫై పెట్టె కట్టి, ఊరి కంప్యూటర్ల మధ్య సమాచారం మోయించిన డాక్‌నెట్ ఇరవై ఏళ్ళ కిందటిది.

సాఫ్ట్‌వేర్ దగ్గర రెండు రోజులు ఊగిసలాడాను. నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ రాసిన ఐయాన్ అనే డీటీఎన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. అది అంతరిక్ష నౌక కోసం రాసినది. ఎంత మెమరీ వాడాలో మొదట్లోనే కేటాయించుకుని ఆ గీత దాటదు. గొప్ప క్రమశిక్షణే, కానీ దాన్ని నడిపితే నేను వాడకందారునే అవుతాను. నేర్చుకోవడమే పని కాబట్టి, డీటీఎన్ నియమావళి అయిన బండిల్ ప్రోటోకాల్ ఏడో రూపం, 2022 జనవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9171 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం, ముందు పెట్టుకుని పైథాన్ భాషలో నాకు కావలసినంత వరకే రాసుకుంటున్నాను. అందులో సమాచారం బండిళ్ళుగా వెళ్తుంది. బండిల్‌ను మా ఇంట్లో అందరూ మూట అనే అంటున్నారు. ఇకపై నేనూ అంతే.

మూట పైన ఒక చీటీ ఉంటుంది: ఎవరికి, ఎవరి నుంచి, ఎప్పుడు కట్టారు, ఎంతకాలం బతకాలి. కాలాన్ని 2000 జనవరి 1 నుంచి మిల్లీసెకన్లలో లెక్కపెట్టాలి. ఈ చివరి రెండు గడులనూ చూసి, ఇవి సులువే అనుకున్నాను.

ఏప్రిల్ 13

కొట్టుకు సెలవు. బల్ల మీద అంగారకుణ్ణి పెట్టాను.

రెండు పై బోర్డుల మధ్య మూడోదాన్ని కూర్చోబెట్టి, అటూ ఇటూ పోయే ప్రతి ప్యాకెట్‌నూ మూడు నిమిషాలు పట్టి ఉంచి వదిలేలా చేశాను. అంగారకుడు మనకు బాగా దగ్గరకొచ్చినప్పుడు కూడా వెలుగు అక్కడి నుంచి రావడానికి దాదాపు అంత పడుతుంది. దూరంగా ఉన్నప్పుడు ఇరవై రెండు నిమిషాలు. మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న కక్ష్యలోకి చేరినప్పుడు, ఆ కబురు మనకు అందడానికి పన్నెండు నిమిషాలకు పైగా పట్టింది. చంద్రుడైతే సెకనున్నర లోపే.

ఒక బోర్డు నుంచి ఇంకోదానికి మామూలు ఇంటర్నెట్ పద్ధతిలో లాగిన్ కావాలని చూశాను. బోర్డును నడిపే లైనక్స్ మొదటి పలకరింపు పంపింది. జవాబు లేదు. సెకను ఆగి మళ్ళీ, రెండు సెకన్లు ఆగి మళ్ళీ, నాలుగు, ఎనిమిది, ఇలా రెట్టింపు చేసుకుంటూ ఏడు పలకరింపులు. 127 సెకన్లకు చేతులెత్తేసింది. నాలుగు నిమిషాల తర్వాత జవాబు వచ్చింది, అప్పటికి వినేవాళ్ళు లేరు. తలుపు కొట్టినవాడు, లోపలి ముసలమ్మ మంచం దిగేలోపే సందు మలుపు తిరిగిపోయినట్టుంది. తీగ మంచిదే, సంకేతం మంచిదే, ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు. అయినా సంభాషణ మొదలే కాలేదు.

అదే దారిలో మూట పంపాను. టీ తాగి వచ్చేసరికి అవతల ఉంది. అది పలకరింపు అడగదు, జవాబు కోసం నిలబడదు. తీసుకున్నవాడి దగ్గర కూర్చుంటుంది, దారి తెరుచుకున్నప్పుడు లేస్తుంది.

ఏప్రిల్ 22

మొదటి నిజమైన ప్రయాణం. వాసు సంచిలోని పెట్టె రాత్రంతా పిన్ని ఇంట్లో డాబా పెట్టెతో మాట్లాడుకుని, పొద్దున్నే మంగళగిరి, కృష్ణా కెనాల్ మీదుగా నది దాటి వచ్చింది. గుంటూరు వైపు తొందర లేదు, కలిసి ఉండేది రాత్రంతా. చిక్కంతా నా కొట్టు దగ్గర. వాసుకు ఆలస్యమైతే ఆగడు, చెయ్యి ఊపి వెళ్ళిపోతాడు. రోడ్డు ఆ చివర వై-ఫై అందడం మొదలైన చోటు నుంచి ఈ చివర తెగిపోయే చోటుకు వాడి నడకలో 50 సెకన్లు. మొదటి రోజు అందులో తొమ్మిది సెకన్లు, సంచి పెట్టె నా నెట్‌వర్కులో చేరి చిరునామా అడిగి తీసుకోవడానికే పోయాయి. మూటలు సగమే దిగాయి. ఒక ఫొటో నడుముకు తెగింది.

రాత్రి చిరునామాను పెట్టెలోనే స్థిరంగా రాసిపెట్టాను. మర్నాడు తొమ్మిది మూడయింది. వరుస కూడా మార్చాను: ముందు చిన్న కొలతల మూటలు, తర్వాతే ఫొటోలు. ఫొటో తెగితే, ఏ బైటు నుంచి ఏ బైటు దాకా వచ్చిందో ఆ ముక్క మీద రాసి ఉంటుంది, మిగిలింది తర్వాతి రోజు వస్తుంది.

50 సెకన్లు తక్కువని విసుక్కోకూడదు. అంగారకుడి మీద క్యూరియాసిటీ రోవర్ నెత్తిన మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్ ఒకసారి కనిపించేది ఎనిమిది నిమిషాలే. ఆ కాస్తలో 100 నుంచి 250 మెగాబిట్లు పైకి ఎక్కించేస్తుంది. అదే 250 మెగాబిట్లను రోవర్ నేరుగా భూమికి పంపాలంటే 20 గంటల దాకా పడుతుంది. చంద్రుడి మీది మన ప్రజ్ఞాన్ రోవర్ అయితే నేరుగా భూమితో మాట్లాడనే లేదు. దాని మాటలన్నీ విక్రమ్ ల్యాండర్ ద్వారానే వచ్చాయి.

ఏప్రిల్ 27

ఈ వారమంతా ఒక్క తప్పు తిన్నది. వివరంగా రాసుకుంటున్నాను, మళ్ళీ చేయకుండా.

గురువారం గుంటూరు గీత చూస్తే గరిష్ఠ ఉష్ణోగ్రత ఉదయం 10.40కి వచ్చింది. అక్కడి నుంచి దిగడమే. "చూశావా, పదిన్నరకే మా ఊరు అంత కాగింది" అంది పిన్ని ఫోనులో. మబ్బు పట్టిందా అని అడిగాను. లేదంది. ఆకాశం ఫొటోలు తీసి చూశాను. ఉదయం 8 గంటలదని చీటీ ఉన్న ఫొటోలో డాబా పిట్టగోడ నీడ గోడ మొదట్లోకి ముడుచుకుపోయి ఉంది. అది నడినెత్తి ఎండ.

ఈ బోర్డుకు సొంత గడియారం లేదు. కరెంటు ఉన్నంతసేపు లెక్కపెట్టుకుంటుంది. పోయి వస్తే, గంటకోసారి కార్డులో రాసి పెట్టుకున్న చివరి సమయం నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది. ఇంటర్నెట్ ఉంటే సరిదిద్దుకునేది, అక్కడ అది లేదు. బుధవారం రెండు సార్లు కరెంటు పోయింది. రెండూ కలిపి నాలుగు గంటలకు దగ్గర. ఆ మేరకు పిన్ని డాబా బెజవాడ కన్నా వెనకబడింది.

గీత జరగడం ఒక్కటే అయితే ఫరవాలేదు. చీటీ మీది పుట్టిన సమయం వెనక్కి పోతే మూట పుట్టుకతోనే ముసలిది. నా కొట్టు దాని ఆయుష్షును తన గడియారంతో లెక్కపెట్టి, గడువు తీరకముందే పారేస్తుంది. అంతకన్నా ఘోరం ఇంకోటి. ఏ మూట ఏదో గుర్తుపట్టేది పంపినవాడి పేరు, పుట్టిన సమయం, ఆ సమయంలో వరుస సంఖ్యతో. నేను సరిగ్గా పది నిమిషాలకొకసారి కొలుస్తున్నాను. గడియారం వెనక్కి జరిగి అదే 9.10ని రెండోసారి చూపించి, వరుస సంఖ్య సున్నా నుంచి మొదలైతే, రెండు వేర్వేరు కొలతలకు ఒకే పేరు పడుతుంది. నా కొట్టు రెండోదాన్ని నకలు అనుకుని వదిలేసింది. అలా ఐదు కొలతలు మాయం. ప్రోగ్రాం నేను చెప్పినట్టే చేసింది, అది మరీ ఒళ్ళు మండించింది.

గడియారం లేనివాళ్ళకు ప్రోటోకాల్‌లో ఒక దారి ఉంది. పుట్టిన సమయం సున్నా అని రాసి, పక్కన వయసు గడి పెట్టడం. మూట ఎవరి దగ్గర ఎంతసేపు ఉందో వాళ్ళు కలుపుకుంటూ పోతారు. అందినచోట ఇప్పటి సమయంలోంచి వయసు తీసేస్తే పుట్టిన వేళ తెలుస్తుంది. అందంగా ఉందని రాత్రి రెండింటి దాకా రాశాను. పడుకోబోతూ వెలిగింది: కరెంటు లేనంతసేపు ఆ పెట్టె వయసు కూడా లెక్కపెట్టదు. నిద్రలో ఎన్ని గంటలు పోయాయో దానికి తెలియదు.

బ్యాటరీతో నడిచే గడియారం చిప్పు కొనక తప్పదు. దాన్ని అందరూ ఆర్టీసీ అంటారు. "గుంటూరు పెట్టెకు ఆర్టీసీ కావాలి" అని వాసుకు చెబితే, "రైలు చాలదా అన్నయ్యా, బస్సులో కూడా మోయాలా?" అన్నాడు.

మే 3

డీఎస్ 3231 చిప్పులు మూడు పెట్టాను, బొత్తాం బ్యాటరీలతో. మామూలు వాతావరణంలో ఏడాదికి ఒకటి రెండు నిమిషాలకు మించి తేడా రాదు. గరిష్ఠం మళ్ళీ మధ్యాహ్నం రెండున్నర దగ్గరకు వచ్చింది. పిన్ని నిరాశపడింది.

మే 5

నిల్వ సంగతి. కార్డు 32 జీబీ. నా కొలతలూ ఫొటోలూ కలిపి రోజుకు మూడు ఎంబీ కూడా కావు, అంటే ఏళ్ళు గడిచినా నిండదు. అలా వదిలేస్తే నేర్చుకునేది ఏమీ ఉండదని మూటలకు 20 ఎంబీ మాత్రమే కేటాయించాను. నౌకల్లో పరికరాలు తీసేది ఎక్కువ, దాచుకునే చోటు, పంపే వేళ తక్కువ. ఆ ఇరుకు నాకూ తెలియాలి.

ఇరుకు పెట్టగానే అసలు ప్రశ్న వచ్చింది: ఎప్పుడు చెరపాలి? ముందు, సంచి పెట్టెకు అప్పగించగానే డాబా పెట్టె చెరిపేసేలా రాశాను. రెండో రోజే ప్లాట్‌ఫారం మీద సంచి కిందపడి పవర్ బ్యాంకు తీగ ఊడింది. కార్డులో ఫైలు సగం రాసి ఆగింది. ఇచ్చినవాడు చెరిపేశాడు, పుచ్చుకున్నవాడి దగ్గర సగమే ఉంది. ఇప్పుడు మూటను ముందు తాత్కాలిక పేరుతో పూర్తిగా రాసి, కార్డులో నిజంగా పడిందని తేల్చుకుని, తర్వాతే అసలు పేరు పెట్టి "పుచ్చుకున్నాను" అంటుంది. అంతటితో కూడా డాబా పెట్టె చెరపదు. నా కొట్టు నుంచి అందినట్టు రసీదు సాయంత్రం వాసుతో తిరిగి వెళ్ళాలి. ఒక మూటకు రెండు చోట్ల రెండు రోజులు చోటు పడుతోంది. పట్టనీ.

2007 నాటి ఆర్ఎఫ్‌సీ 5050లో ఈ బాధ్యతకు ఒక ఏర్పాటు ఉండేది: మూటను పుచ్చుకున్న నోడ్ "ఇక నాది పూచీ" అని ఒప్పుకుంటే వెనకవాడు చెరుపుకోవచ్చు. ఏడో రూపంలో దాన్ని మూల ప్రోటోకాల్‌లోంచి తీసేసి, ఆ నమ్మకాన్ని కింది పొరలకు వదిలారు. తీసేయడానికి కారణాలు ఉండే ఉంటాయి కానీ, నా మూడు పెట్టెల సంసారానికి ఆ పాత మాటే బాగుందనిపిస్తోంది.

2008 అక్టోబరులో నాసా వాళ్ళు డీప్ ఇంపాక్ట్ నౌకతో డీటీఎన్‌కు మొదటి పెద్ద పరీక్ష చేశారు. మూడు కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న నౌక ఒక నోడ్, మిగిలిన తొమ్మిది నోడ్‌లూ నేల మీదే, లాబొరేటరీలో, ల్యాండర్లూ ఆర్బిటర్లూ అయినట్టు నటిస్తూ. నెల పాటు డజన్ల కొద్దీ ఫొటోలు పైకి పంపి వెనక్కి తెచ్చుకున్నారు. నటించే నోడ్‌ల సంగతి చదివాక, వాసు సంచిని ఉపగ్రహం అనడానికి నాకు సిగ్గు పోయింది.

మూట ఆయుష్షు మూడు రోజులు పెట్టాను. 25,92,00,000 మిల్లీసెకన్లు. వాసు వారానికి ఆరు రోజులు వస్తాడు, ఆదివారం ఒక్కటే ఖాళీ. మూడు రోజులు ధారాళం.

మే 12

వారం సాఫీగా గడిచింది. రాయడానికి ఏమీ లేదు.

మే 19

పోయింది.

బుధవారం, 14న, ఇక్కడ నా డాబా మీద 43.6 డిగ్రీలు. పెట్టిన దగ్గర నుంచి ఇదే ఎక్కువ. గుంటూరుది ఎంతో చూద్దామని గురువారం పొద్దున కొట్టు ముందు నిలబడ్డాను. వాసు వచ్చాడు, కొట్టులోని పెట్టె మాత్రం కిమ్మనలేదు. "సంచిలో చోటు లేదు అన్నయ్యా, అమ్మ ఆవకాయ ఇచ్చింది" అని జాడీ తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టెను తీసి ఇంట్లో గూట్లో పెట్టి, ఆ చోట్లో జాడీ సర్దుకున్నాడు. తప్పు పట్టలేను. ఆ రెండింటిలో ఏది ముందు అని అడిగితే మా నాన్న కూడా జాడీకే ఓటు వేస్తాడు. మూటలకు ప్రాధాన్యం రాశాను కానీ, మోసేవాడికి రాయలేదు.

శుక్ర, శనివారాలు వాడు తెనాలిలో ఒక పెళ్ళికి వెళ్ళాడు. ఆదివారం సెలవు. నేను కంగారు పడలేదు. పడి ఉండాల్సింది.

ఈ రోజు పెట్టె వచ్చింది. కొలతలు శుక్రవారం పొద్దుటి నుంచే ఉన్నాయి. బుధవారం లేదు. రెండు పెట్టెలూ నాలుగు రోజులు ఒకే ఇంట్లో, డాబా మీద ఒకటి, గూట్లో ఒకటి, పక్కపక్కనే ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం రెండున్నరకు రెండూ ఒకేసారి ఆ మూట గడువు తీరిందని చూసుకుని, బుద్ధిగా తుడిచేశాయి. మూడు చిప్పులు కొని సరిచేసిన గడియారాలు కదా, సెకను తేడా లేకుండా తుడిచాయి. నిల్వ లాగ్ తీశాను: 20 ఎంబీలో నిండింది తొమ్మిది. చోటు లేక పోలేదు, దారి లేక పోలేదు. నేను రాసిన ఒక అంకె వల్ల పోయింది.

ఆయుష్షును నేను అందే వేళ చూసి లెక్కగట్టాను. వస్తువు విలువ చూసి కట్టాలి. ఆకాశం ఫొటో రెండు రోజులకు పాతబడుతుంది. ఎండ కొలత పందెం తేలే దాకా పాతబడదు, పైగా అది వంద బైట్లు కూడా లేదు. ఇప్పుడు కొలతలకు తొంభై రోజులు, ఫొటోలకు రెండు. చోటు చాలకపోతే ముందు ఫొటోలు పోవాలి. రోజు గరిష్ఠం, కనిష్ఠం మాత్రం విడిగా ఒక మూట కట్టి, రసీదు వచ్చేదాకా గడువు తీరినా తుడవవద్దని రాశాను. ఇది ప్రోటోకాల్ ఒప్పుకునే పని కాదు. నా ఇల్లు, నా పెట్టె.

పిన్నికి ఫోను చేసి సంగతి చెప్పాను. ఎంతసేపటికీ తిట్టలేదు, దాంతో అనుమానం వేసింది. "వాసు సంచిలో పక్క అర చూడు" అంది.

పక్క అరలో రోజువారీ క్యాలెండర్ కాగితం ఒకటి, నాలుగు మడతలు వేసి, కాస్త ఆవకాయ నూనె అంటుకుని ఉంది. వెనకాల పెన్సిల్‌తో: "44.1. పప్పు దించి పైకి వెళ్ళినప్పుడు." డాబా పెట్టెకు ఉన్న చిన్న తెర చూసి రాసిందట. మొదటి రోజు నుంచీ రాస్తోందట, నా పెట్టెల మీద నమ్మకం లేక.

కొలతను చేత్తో మూట కట్టి ఎక్కించాలి. చీటీ దగ్గర ఆగాను. పప్పు దించింది ఎన్నింటికి? మళ్ళీ ఫోను చేశాను. "రోజూ దించే వేళకే" అంది. ఒంటిగంటా, రెండా అంటే, "ఆ మధ్యే" అంది.

పుట్టిన సమయం: 0. వయసు: ఇప్పుడు పది గంటలు, బుధవారం రెండు నుంచి అనుకుంటే 116 గంటలు, అంటే 41,76,00,000. నా కొట్టు పేచీ పెట్టకుండా పుచ్చుకుంది. నాన్నకు ఇంకా చెప్పలేదు.